తాతయ్య కారులోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

మా తాతయ్యకి ఒక ప్రీమియర్ పద్మిని ఉంది. 1989 మోడల్, క్రీమ్ కలర్. స్టీరింగ్ కిందే గేరు రాడ్డు, ముందు డోర్లకి ఆ చిన్న త్రికోణం అద్దాలు, వెనక తోకలాగా లేచిన అంచులు. ఇటలీలో ఫియట్ 1100గా పుట్టి, బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో 1974 నుంచి పద్మినిగా పేరు మార్చుకున్న బండి అది. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరు చివర్లో రోడ్డు దిగిపోయిందని పేపర్లో వస్తే, తాతయ్య ఆ పేజీ కత్తిరించి బీరువాలో పెట్టుకున్నారు. "ముంబైలో అయిపోయింది. కాకినాడలో ఇంకా ఉంది" అన్నారు.

పోయినేడు జులైలో ఇంటికెళ్తే ఆ కారు తాళాలు నాన్న దగ్గర ఉన్నాయి. తాతయ్య దగ్గర లేవు. కారణం వాసన. డోర్ తీస్తే చాలు, తడిసిన గోనెసంచి నెలరోజులు మూలన పడేస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన. వెనక సీటు ముందు, ఎడమవైపు కాళ్ళు పెట్టుకునే చోట మ్యాట్ ఎత్తితే కింద నీళ్ళు. మామ్మకి ఆయాసం ఉంది. ఆ కార్లో సామర్లకోట గుడికి వెళ్ళొచ్చిన రోజల్లా దగ్గుతోందని ఆవిడ ఎక్కడం మానేసింది. ఇంట్లో అందరూ తేల్చేసిన విషయం ఏంటంటే, తాతయ్యకి మతిమరుపు వచ్చింది, త్రికోణం అద్దం వేయకుండా వదిలేస్తున్నారు, వాన లోపలికి కొడుతోంది. అంతకన్నా బాధ ఏంటంటే ఆయన కూడా దాన్నే నమ్మడం మొదలుపెట్టారు. "వేశాననే అనుకున్నాన్రా. వెయ్యలేదేమో" అన్నారు నాతో. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి అలా గొంతు తగ్గించి మాట్లాడితే ఏదోలా ఉంటుంది.

నాన్న మాట మాత్రం స్పష్టంగా ఉంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ జనవరిలో వస్తుంది. దసరాకి ఆయుధపూజ చేసేసి, ఆ తర్వాత పాతసామాన్ల వాళ్ళకి ఇచ్చేద్దాం. ఫ్లోరు కూడా తుప్పు పట్టిపోయి ఉంటుంది, డబ్బులు తగలెయ్యడం దేనికి?

నేను మెకానికల్ థర్డ్ ఇయర్. దసరా సెలవులు పది రోజులు. ఆ పది రోజుల్లో ఏం చేశానో, ఏం తప్పు చేశానో రాస్తాను. మీ ఇంట్లో పాత అంబాసిడర్ ఉన్నా, పాత మారుతి 800 ఉన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదటి ప్రశ్న: అసలు ఇవి ఏ నీళ్ళు?

కారు లోపల తడి కనిపిస్తే వాన నీళ్ళే అనుకోవాల్సిన పన్లేదు. ఏసీ ఉన్న బండి అయితే ముందు ఏసీ డ్రెయిన్ ట్యూబు చూడాలి. కూలింగ్ కాయిల్ మీద పట్టిన నీళ్ళు ఆ ట్యూబులోంచి రోడ్డు మీదకి కారాలి. అది మట్టితో మూసుకుపోతే ముందు సీటు దగ్గర ఫ్లోరు తడుస్తుంది. ఇప్పటి కార్లలో చాలా గొడవలకి ఇదే కారణం. హీటరు ఉన్న బండిలో అయితే కూలెంట్ కారొచ్చు. వేళ్ళ మధ్య రుద్దితే జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటుంది. డ్రైవరు కాళ్ళ దగ్గర మాత్రమే జిడ్డు తడి ఉంటే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు, అప్పుడు నీళ్ళ సంగతి పక్కనపెట్టి ముందు బ్రేకులు చూపించుకోవాలి. మా పద్మినికి ఏసీ లేదు, హీటరు లేదు. తడి వెనక ఎడమవైపు. రుద్దితే జిడ్డు లేదు. కాబట్టి నీళ్ళే.

ఇక్కడ మా బాబాయి ఒక సిద్ధాంతం చెప్పాడు. "వాన కాదురా, గాలిలో తేమ. కాకినాడ గాలి పిండితే నీళ్ళు కారతాయి. పొద్దున్నే చూడు, అద్దాలన్నీ లోపలివైపు చెమర్చి ఉంటాయి. ఆ నీళ్ళే కిందికి కారుతున్నాయి" అని. వినడానికి బాగానే ఉంది. అద్దాలు నిజంగానే చెమర్చి ఉంటున్నాయి. పైకప్పు లైనింగ్ కూడా పొద్దున్న ముట్టుకుంటే చల్లగా, తేమగా ఉంటోంది.

దీన్ని లెక్కతో తేల్చొచ్చు. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. కారు లోపలి ఖాళీ రెండున్నర ఘనపు మీటర్లు అనుకుందాం. అంటే గాలి పూర్తిగా తడితో నిండిపోయినా మొత్తం 75 గ్రాములు. చిన్న టీ గ్లాసుడు. రాత్రి 20 డిగ్రీలకి చల్లబడినా అందులో దాదాపు 17 గ్రాములు ప్రతి ఘనపు మీటరులోనూ ఆవిరిగానే ఉండిపోతాయి. అంటే ఒక రాత్రికి అద్దాల మీదా పైకప్పు మీదా పట్టగలిగింది ముప్పై గ్రాముల పైచిలుకు. తలుపుల సందుల్లోంచి కొత్త గాలి కొంత వచ్చినా ఇంకాస్త పెరుగుతుంది, అంతే.

మరి ఫ్లోరులో ఎంత ఉంది? మ్యాట్ కింద జనపనార ఫెల్టు పరిచి ఉంటుంది. దాన్ని బయటికి లాగి, మా వీధి చివర పాతపేపర్ల కొట్టు నుంచి తెచ్చిన స్ప్రింగ్ కాటాకి తగిలించాను. 5.2 కిలోలు. రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి మళ్ళీ తూస్తే 1.9 కిలోలు. మూడు లీటర్ల పైన నీళ్ళు! టీ గ్లాసు లెక్కతో మూడు లీటర్లు రావాలంటే కారులోని గాలిని నలభై సార్లకి పైగా చుక్క మిగలకుండా పిండాలి. బాబాయి కాటా చూసి, "సరేలే, వానే" అన్నాడు.

అద్దాలు చెమర్చడం మరి అబద్ధమా అంటే, కాదు. అది జబ్బు కాదు, జ్వరం లాంటిది. లోపల తడిసిన ఫెల్టు ఉంది కదా, పగలు ఎండకి కారు పొయ్యిలా కాగితే ఆ నీళ్ళు ఆవిరవుతాయి. తలుపులు మూసి ఉన్నాయి, ఎక్కడికీ పోలేవు. రాత్రి పైకప్పు రేకు ఆకాశంలోకి వేడిని వదిలేసి చుట్టూ గాలికన్నా చల్లబడుతుంది, ఆవిరి వెళ్ళి దాని మీద నీళ్ళవుతుంది. మళ్ళీ పొద్దున్న ఆవిరి. అలా ఒకే నీళ్ళు వారాల తరబడి తిరుగుతూ, వెళ్ళిన ప్రతిచోటా బూజు నాటుతాయి. అందుకే వాన పడకపోయినా పదో రోజుకి కూడా ఫ్లోరు తడిగానే ఉంటుంది, మనం "వాన లేదుగా, మరి ఎక్కణ్ణుంచి?" అని బుర్ర గోక్కుంటాం.

యూట్యూబ్ చూసి సిలికా జెల్ పొట్లాలు పడేద్దామని తమ్ముడు అన్నాడు. మంచి సిలికా జెల్ కూడా తన బరువులో మూడోవంతు చొప్పున నీళ్ళు పీలుస్తుంది. మూడు లీటర్లకి పది కిలోలు కావాలి. ఫెల్టు తీసి ఎండలో పడేస్తే ఆ పని ఉచితంగా అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: సముద్రం పక్క ఊళ్ళలో పొద్దున్నే తలుపులు బార్లా తీసి పెడితే లాభం లేదు, అప్పుడు బయటి గాలే తడిగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండ ముదిరాక తీసి, నాలుగు గంటలకల్లా మూసెయ్యాలి.

ఇక రెండోది: ఎక్కడ?

నేను చేసిన మొదటి తెలివైన పని, కారు మొత్తం ఎండాకగానీ ఏ టెస్టూ మొదలుపెట్టకపోవడం. తడి మీద తడి పడితే ఏది కొత్తదో తెలీదు. సీట్లు విప్పాం, మ్యాట్లు తీసేశాం, ఫ్లోరు రేకు కనిపించేదాకా అన్నీ బయటేశాం. తాతయ్య అరుగు మీద కుర్చీ వేసుకుని చూస్తున్నారు. మాట్లాడట్లేదు.

రెండో తెలివి మామ్మది. కారే చోట కనిపించాలంటే టాల్కం పౌడర్ చల్లమని ఎక్కడో చదివాను. డబ్బా అడిగితే, "ఆ సెంటు పౌడర్ ఎందుకు తగలేస్తావు, ముగ్గు లేదూ" అని ముగ్గుపిండి డబ్బా తెచ్చి ఇచ్చింది. ఇంతకన్నా మంచి సరుకు లేదు. ఫ్లోరు మీద, డ్యాష్‌బోర్డు కింద, డోర్ల గడపల మీద పల్చగా చల్లాం. నీటిచుక్క దాని మీద నడిస్తే గీత పడుతుంది. ఆరిపోయాక కూడా ఆ గీత చెరగదు. అద్దం అంచుల చుట్టూ పాత పేపరు ముక్కలు టేపుతో అంటించాం, తడిస్తే రంగు మారుతుంది కాబట్టి.

తర్వాత గొట్టం. చాలామంది ఇక్కడే పాడుచేస్తారు. ఫోర్సుగా కారంతా కడిగేస్తే ఎక్కడో ఒకచోట కారుతుంది, కానీ ఏ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పలేం. నీళ్ళు సన్నగా, వాన పడ్డట్టే పడాలి. కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ముందు డోరు కింది అంచు, ఆపైన డోరు మధ్య, ఆపైన కిటికీ అద్దం అడుగు, ముందు అద్దం అడుగు, చివరికి పైకప్పు. ఎందుకంటే పైన పోసిన నీళ్ళు ఎలాగూ కిందికి దిగుతాయి, మొదట్లోనే పైన పోస్తే అన్ని అనుమానాలూ ఒకేసారి తడిసిపోతాయి. ఒక్కోచోట కనీసం ఐదు నిమిషాలు. లోపల ఒకడు టార్చి పట్టుకుని కూర్చోవాలి. మా తమ్ముడు కూర్చున్నాడు, ఫోనులో పాటలు పెట్టుకుని.

డోర్ల అంచుల్లో ఉండే రబ్బరు బీడింగుకి వేరే పరీక్ష ఉంది. పేపరు పట్టీ ఒకటి మధ్యలో పెట్టి డోరు వేసి లాగాలి. గట్టిగా పట్టుకుంటే బీడింగు బాగున్నట్టు, సుఖంగా జారి వచ్చేస్తే అక్కడ పట్టు లేనట్టు. చుట్టూ జానెడుకి ఒకసారి లాగి చూశాం. పై మూలలో ఒక్కచోట వదులు, మిగతా అంతా పర్లేదు.

ముందు అద్దం ఎడమ కింది మూలకి నీళ్ళు చేరిన మూడో నిమిషంలో తమ్ముడు అరిచాడు. డ్యాష్‌బోర్డు కింద ముగ్గులో సన్నటి గీత. అది ఫ్లోరు మీదికి దిగి, ముందు సీటు ఉండే చోటు కిందుగా, వెనక్కి నడుస్తోంది! ముందు కారిన నీళ్ళు వెనకెందుకు పోతున్నాయో చూడటానికి కారు దిగి దూరంగా నిలబడితే అర్థమైంది. మా ఇంటి గేటు నుంచి లోపలికి ర్యాంపు ఉంది. కారెప్పుడూ ముక్కు పైకెత్తి నిలబడుతుంది. ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్న ర్యాంపు, ఎవరికీ తట్టలేదు. అదే కారు రోడ్డు మీద సమంగా పెట్టి ఉంటే ముందు మ్యాట్ తడిసేది, అందరూ అద్దాన్నే అనుమానించేవాళ్ళం. వెనక తడిసింది కాబట్టి, నానా మాటలూ పడ్డారు తాతయ్య. నిజానికి త్రికోణం అద్దం తెరిచి ఉన్నా ఆ వాన ముందు సీటు మీద పడాలి. ఆ సంగతి కూడా ఎవరం ఆలోచించలేదు.

ఆ ముందు అద్దం ఎలా కూర్చుంటుందో ఒక్క నిమిషం చెప్తాను. ఇప్పటి కార్లలో అద్దాన్ని జిగురుతో అంటిస్తారు. పాత బండ్లలో రబ్బరు చట్రం ఉంటుంది. దానికి రెండు గాళ్ళు: ఒక దాంట్లో అద్దం అంచు, ఇంకో దాంట్లో బాడీ రేకు అంచు. రబ్బరు ఎండకీ గాలిలోని ఓజోనుకీ గట్టిపడి, కుంచించుకుపోతుంది. కుంచించుకున్నది మూలల్లో ముందు విడిపోతుంది. అద్దం మీద జారిన నీళ్ళన్నీ చేరేదీ కింది మూలలకే. రబ్బరు కింద రేకు అంచు తుప్పు పడితే, ఆ తుప్పు ఉబ్బి రబ్బరుని ఇంకా పైకెత్తుతుంది. ఆ మూలలో రబ్బరు కొంచెం లేపి, తుప్పు గీకి, ప్రైమరు పూసి, ఎప్పటికీ గట్టిపడని బ్యూటైల్ మైనం లాంటిది కూరాను. కొత్త రబ్బరు వేయిస్తే ఇంకా మంచిది, కానీ పద్మిని సామాను వెతకడం దసరా సెలవుల్లో అయ్యే పని కాదు.

దొరికింది అనుకున్నాను. ఇంట్లో చెప్పేశాను కూడా. నాన్న ఏమీ అనలేదు, తాతయ్య మాత్రం కుర్చీ కారుకి దగ్గరగా జరుపుకున్నారు.

మర్నాడు రాత్రి పెద్ద వాన. పొద్దున్నే పళ్ళు కూడా తోముకోకుండా వెళ్ళి చూస్తే డ్యాష్‌బోర్డు కింద ముగ్గు చెక్కు చెదరలేదు, ముందు పేపర్లు పొడిగా ఉన్నాయి. వెనక ఎడమవైపు మాత్రం మడుగు.

కారు కారితే ఒకటే చిల్లు ఉంటుందని మనం ఊరికే అనుకుంటాం. ముప్పై అయిదేళ్ళ బండికి ఆ నియమం ఎవరు పెట్టారు? నాకు ఆ క్షణంలో అది తట్టలేదు గానీ, గొట్టం మళ్ళీ తగిలించబోతుంటే తాతయ్య వచ్చి పక్కన నిలబడి, "ఆ ఎడమ తలుపులో నీళ్ళ చప్పుడొస్తుందిరా. బ్రేకు వేసినప్పుడల్లా గుడగుడమంటుంది. చెప్తే నవ్వారు" అన్నారు.

నేనూ నవ్వాను, జులైలో. ముందు ఎడమ డోరు పట్టుకుని గట్టిగా ఊపాను. నిజంగానే గుడగుడమంది, సగం నిండిన బిందెలాగా.

ఇక్కడ కారు డోరు గురించి నాకు తెలియని సంగతి ఒకటి ఉంది, మీలో కూడా చాలామందికి తెలియకపోవచ్చు. కిటికీ అద్దం దిగే సందులోంచి వాన నీళ్ళు డోరు లోపలికి వెళ్తాయి. వెళ్ళాలి కూడా, దాన్ని పూర్తిగా ఆపడం కుదరదు. అందుకే డోరు తయారుచేసినవాళ్ళు రెండు ఏర్పాట్లు చేస్తారు. డోరు అడుగు అంచున చిన్న చిన్న కన్నాలు పెడతారు, లోపలికొచ్చిన నీళ్ళు అందులోంచి రోడ్డు మీదకి పోతాయి. రెండోది, మనవైపు కనిపించే అట్ట, మేస్త్రీలు డోర్ ప్యాడ్ అంటారు, దాని వెనక ఒక ప్లాస్టిక్ పొరో తారు కాగితమో అంటించి ఉంటుంది. చిందిన చుక్కలు ఆ పొరకి తగిలి మళ్ళీ డోరులోకే జారుతాయి, కేబిన్‌లోకి రావు. మనం చూసే డోరు గోడ కాదు, లోపల వాన పడే ఒక ఇరుకు గది.

డోర్ ప్యాడ్ విప్పాను. పొర లేదు. ఎందుకు లేదో గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి.

ఇంటర్ సెకండియర్ అయిపోయిన సెలవుల్లో నేనే ఆ డోర్లకి స్పీకర్లు బిగించాను. ప్యాడ్‌కి గుండ్రంగా కన్నం కోశాను, వెనక అడ్డొచ్చిన జిడ్డు కాగితాన్ని చింపి చెత్తలో పడేశాను. అదేదో ప్యాకింగ్ అనుకున్నాను. ఆ తర్వాతి వానాకాలంలో డోరు అడుగు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారడం చూసి, "అరె, ఇక్కడ లీకు" అని ట్యూబు సిలికాన్ తెచ్చి ఆ కన్నాలన్నీ బాగా మూసేశాను. ఎడమ డోరుకి చాలా శ్రద్ధగా, కుడి డోరుకి ట్యూబు అయిపోయి సగమే. అందుకే కుడివైపు పొడిగా ఉంది. పైగా మా ఇంటి సన్‌షేడ్ నీళ్ళు పడేది కూడా సరిగ్గా ఎడమ కిటికీ మీదే.

కాబట్టి జరిగిందిది: వాన డోరులోకి దిగుతుంది, బయటికి పోయే దారి లేదు, మట్టం పెరిగి స్పీకరు కన్నం దాకా వస్తుంది, అక్కణ్ణుంచి ప్యాడ్ వెనకగా గడప దాటి ఫ్లోరులోకి. కారు నడుస్తుంటే తొణికి ఇంకా ఎక్కువ. ఫ్లోరుకి చేరాక ర్యాంపు పుణ్యమా అని వెనక్కి.

చాకుతో సిలికాన్ కోశాను. నీళ్ళు ఎర్రగా, తుప్పు రంగులో పడ్డాయి. తమ్ముడు కింద చెంబు పెట్టాడు. లీటరున్నర దాకా వచ్చాయి.

ఇంకో సంగతి కూడా తర్వాత తెలిసింది. కొట్లలో చవగ్గా దొరికే ఆ సిలికాన్, పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం, ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పెయింటు పోయిన ఇనుము మీద అది తుప్పుకి మంచి ఎరువు. కెమిస్ట్రీ ల్యాబులో ఎన్నిసార్లు పీల్చాం ఆ వాసన, ఒక్కసారైనా అనుమానం రాలేదు నాకు.

ఇక తాతయ్యకి చెప్పడం. రెండు గంటలు ఆలస్యం చేశాను. భోజనాలయ్యాక, నాన్న కూడా ఉన్నప్పుడు చెప్పాను. అద్దం మీరు వేసే ఉన్నారు తాతయ్యా, కన్నాలు మూసింది నేను, కాగితం చింపింది నేను. నాన్న తల దించుకుని మజ్జిగన్నం కలుపుతూనే ఉన్నారు. తాతయ్య కాసేపు నన్ను చూసి, "స్పీకర్లు మాత్రం బాగానే మోగుతున్నాయి" అన్నారు. చెయ్యి కడుక్కొచ్చి, నాన్న ముందు అరచెయ్యి చాపారు. నాన్న లేచి వెళ్ళి తాళాలు తెచ్చి ఇచ్చారు. అంతే, ఇంకెవరూ ఏమీ మాట్లాడలేదు.

కానీ ఫ్లోరు సంగతి మిగిలే ఉంది. పద్మినికి లారీలా కింద వేరే ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్, మనం క్లాసులో చదువుకునే మోనోకాక్. ఫ్లోరు రేకు కాళ్ళు పెట్టుకోడానికి మాత్రమే కాదు, బండి బరువు మోయడంలో దానికీ వాటా ఉంది. గడపల దగ్గర కుళ్ళితే బండి నడుం బలహీనపడినట్టే. స్క్రూడ్రైవరు కొనతో ఫ్లోరంతా పొడుచుకుంటూ వచ్చాను. గట్టి రేకు టంగుమంటుంది, కుళ్ళినది మెత్తగా దిగుతుంది. వెనక ఎడమవైపు అరచెయ్యంత మేర దిగింది. వింతేంటంటే నీళ్ళు నిలబడ్డ మడుగు మధ్యలో కన్నా, ఫెల్టు అతుక్కుని గాలి తగలని చోటే ఎక్కువ తినేసింది. ఆక్సిజన్ తక్కువ అందే చోటు ఆనోడ్ అవుతుందని కరోజన్ చాప్టర్లో ఉంది కదా, డిఫరెన్షియల్ ఏరేషన్. అయిదు మార్కుల ప్రశ్న. మా కార్లో అరచెయ్యంత కన్నం. దానికి తోడు సముద్రపు గాలిలో ఉప్పు.

జగన్నాథపురం వంతెన అవతల టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్ళాం. మేస్త్రీ తాతయ్యని చూడగానే బీడీ పడేశాడు, పాత పరిచయం. గడపలు సుత్తితో తట్టి చూసి, "గడపలు ఆగినియ్యండి పెద్దాయనా. మధ్యలో ముక్క కోసి కొత్త రేకు వెల్డింగు చేస్తే సరిపోద్ది. ఇంకో రెండు వానాకాలాలు ఆగుంటే నేనూ చెయ్యలేకపోదును" అన్నాడు. నావైపు తిరిగి, "నువ్వేనా బాబూ కన్నాలు మూసింది?" అని అడిగాడు. విషయం నాకన్నా ముందే వంతెన దాటింది. "కన్నం కనపడితే మూసెయ్యడమేనా? అది ఎందుకుందో అడగొద్దూ?" అన్నాడు. "తప్పయింది బాబాయ్" అన్నాను. ఏమంటాం మరి.

రెండు రోజుల పని. పాత రేకు మంచి చోటు దాకా కోసి, కొత్త ముక్క అంచులు కలిపి వెల్డింగు చేసి, పైనా కిందా ప్రైమరు, కింద అండర్‌కోటింగు. కుళ్ళిన రేకు మీద పుట్టీ పెట్టి రంగేసే షెడ్లు కూడా ఉంటాయి, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కాబట్టి రంగు వేసేముందు వెళ్ళి చూసుకోవాలి. ఈలోగా నేను డోర్లకి మందపాటి పాలిథీన్ షీటు కోసి అంటించాను. కింది అంచు మాత్రం డోరు లోపలికి మడిచి వదలాలి, లేకపోతే జారిన నీళ్ళు మళ్ళీ ప్యాడ్ మీదికే వస్తాయి. మొదటిసారి నేను అదీ తప్పు చేసి మళ్ళీ విప్పాను. అడుగు కన్నాలన్నీ సైకిల్ పుల్లతో శుభ్రం చేశాను. స్పీకరు వెనక ప్లాస్టిక్ డబ్బా మూత ఒకటి గొడుగులా బిగించాను. కుళ్ళిపోయిన ఫెల్టు స్థానంలో కొత్తది వేయలేదు. వానాకాలం మొత్తం గడిచేదాకా ఊరికే రబ్బరు మ్యాటు, దాని కింద న్యూస్‌పేపరు. బూజు పట్టిన సీటు కవర్లు మామ్మే దగ్గరుండి ఉతికించింది, ఎండలో మూడు రోజులు ఆరేయించింది.

దసరా రోజు కారుకి పసుపు, కుంకుమ, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు. మామ్మ వెనక సీట్లో ఎడమవైపే కూర్చుంది, కావాలనే అనుకుంటాను. సామర్లకోట వెళ్ళి వచ్చాం. దారిలో బ్రేకు వేసిన ప్రతిసారీ నా చెవి డోరు మీదే ఉంది. తాతయ్య అద్దంలోంచి నన్ను చూసి నవ్వుతున్నారు.

నవంబరులో తుపాను వానలు పడ్డప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. రోజూ పొద్దున్నే తాతయ్య ఫోను చేసేవారు. మ్యాటు కింద పేపరు తీసి చూసి రిపోర్టు: ముందు పొడి, వెనక కుడి పొడి, వెనక ఎడమ పొడి. నాలుగో రోజు మాత్రం, "అన్నీ పొడేరా. డిక్కీలో స్టెప్నీ దగ్గర పేపరు కొంచెం మెత్తబడింది" అన్నారు. డిక్కీ బీడింగు కావచ్చు, వెనక లైటు రబ్బరు కావచ్చు, వెనక అద్దం మూల కావచ్చు. ఆయన మాత్రం లైటు రబ్బరే అంటున్నారు. నేను ఈసారి నవ్వలేదు. సంక్రాంతికి వెళ్తున్నాను, మామ్మని ముగ్గు డబ్బా ఒకటి పక్కన పెట్టమన్నాను.